కృపమ్మక్క కొన్న అతుక్కునే ఛార్జరు

కృపమ్మక్క స్విచ్చు వెయ్యాలంటే చేతిలో చెక్క ఉండాలి. ఇంట్లో అందుకోసం గంజి తిప్పే తెడ్డు ఒకటి స్విచ్చుబోర్డు పక్కనే మేకుకు వేలాడుతూ ఉంటుంది. మా షెడ్డులో అయితే నా బల్ల మీది చెక్క స్కేలు. ఫ్యానైనా లైటైనా దాంతోనే నొక్కి, కాస్త వెనక్కి జరిగి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక స్కేలు తెచ్చి నా ముందు పెడుతుంది. చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళలో నేను మొదటిదాన్ని.

గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగే రోడ్డు మీద ఉంది మా చేపల షెడ్డు. చెరువుల్లో పట్టిన చేప ట్రేలలో వస్తుంది, కాటా మీద తూగుతుంది, ఐసుతో పెట్టెల్లో సర్దుకుని లారీ ఎక్కుతుంది. నేను బిల్లులు రాస్తాను. కృపమ్మక్క కాటా దగ్గర నిలబడి బరువులు పిలుస్తుంది. ఐసు మర ఆడుతున్నా, లారీలు హారన్లు కొడుతున్నా ఆవిడ పిలిచిన బరువు నా బల్ల దాకా వినపడుతుంది. మా ఓనరు సూర్యనారాయణగారు ఆ గొంతు విని, షెడ్డుకి మైకు పెట్టే ఖర్చు తప్పిందని మురిసిపోతూ ఉండేవారు.

ఆవిడ భయానికి మూలం లేకపోలేదు. భర్త ఏసుబాబు చెరువు గట్టు మీద మోటారు వెయ్యబోయి, తడిచేతికి షాకు కొట్టి పోయాడు. అప్పటికి కూతురు ప్రీతి బళ్ళో చదువుతోంది. ఆ రోజు నుంచి కృపమ్మక్క మోటారు ఉన్న గట్టు మీద నడవలేదు. అయినా తెడ్డూ స్కేలూ అప్పటికింకా రాలేదు. అవి వచ్చింది ఆవిడ గుండెలో యంత్రం పెట్టాక.

ఓ ఉదయం బరువు పిలుస్తూ పిలుస్తూ మధ్యలో ఆగిపోయింది. నేను పెన్ను పట్టుకుని తలెత్తేసరికి ట్రేల మధ్య పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మొహాన నీళ్ళు కొట్టేలోపే లేచి కూర్చుని, "ఏవైంది, ఎంత చెప్పాను?" అని అడిగింది. ఏలూరులో చూపిస్తే విజయవాడ పంపారు. అక్కడి డాక్టరు, గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మర్చిపోతోందని చెప్పి, ఎడమ భుజం కింద చర్మం లోపల అగ్గిపెట్టెంత యంత్రం పెట్టాడు. గుండె మర్చిపోయినప్పుడల్లా అది చిన్న కరెంటు పంపి గుర్తు చేస్తుందట.

ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక నేను చూడ్డానికి వెళితే, ఆవిడ పైట సర్దుకుంటూ, "ఆయన్ని తీసుకుపోయిన కరెంటు ఇప్పుడు నా ఒంట్లో ఉంది కుసుమా" అంది. తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

ఆసుపత్రిలో సిస్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ సండే స్కూలు పిల్లలు వాక్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. వెల్డింగు దగ్గరికి వెళ్ళకూడదు. పెద్ద మోటార్ల మీదికి వంగకూడదు. ఫోను కుడి చెవికే పెట్టుకోవాలి, ఎడమ పక్క దాచుకోకూడదు. ఈ చివరిదే ఆవిడకి కష్టం. మా షెడ్డులో ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ తడే, చీరకి జేబుండదు, పర్సూ ఫోనూ జాకెట్లోనే ఉంటాయి. ఇన్నేళ్ళూ ఎడమ పక్కే పెట్టుకున్న ఫోనుని ఆవిడ టిఫిను బుట్టలోకి మార్చింది. కానీ దూరంగా ఎక్కడా వదలదు. ఎక్కడ పడిపోతానో, ప్రీతికి ఎవరు ఫోను చేస్తారో అన్నది ఇంకో భయం. ప్రీతి తాడేపల్లిగూడెంలో బట్టల షాపులో బిల్లింగు చేస్తుంది, పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి గానీ రాదు.

ఇంతలో ఆ ఫోను ఛార్జింగు పెట్టే కన్నం చెమ్మకి తుప్పు పట్టింది. వైరు గుచ్చి, వంచి, ఓ పక్కకి నొక్కిపట్టుకుంటే గానీ ఛార్జింగెక్కదు. అలా నొక్కిపట్టుకున్నప్పుడు ఓసారి వేలికి జివ్వుమందట. ఆ రోజు షెడ్డుకి రాలేదు. మర్నాడు వచ్చి, "చచ్చిపోయాననే అనుకున్నాను కుసుమా, కాసేపు అలాగే పడుకుని చూశాను" అంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడ మొహం చూసి ఆపుకున్నాను.

ప్రీతి షాపులో పనిచేసే అమ్మాయి కొత్త ఫోను కొనుక్కుంటూ పాతది అమ్మేసింది. వైరు గుచ్చకుండా ఛార్జింగెక్కే రకం. ప్రీతి అది తల్లి కోసం తీసుకుంది. ఇక ఛార్జర్లు కొనాలి, ఇంటికొకటి, షెడ్డుకొకటి. నాకు ఏలూరులో బ్యాంకు పని ఉంటే ముగ్గురం కలిసి వెళ్ళాం.

బజారులో ఓ మొబైలు షాపులో కౌంటరు మీద ఛార్జర్లు పరిచాడు షాపతను. కృపమ్మక్క కౌంటరుకి ఇంత దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది.

"వైరు లేనిదన్నావు కదే, మరి ఈ తోకేంటి?" అని కూతుర్ని అడిగింది.

"ప్లేటుకి కరెంటు కావాలిగా అమ్మా. వైరు గోడకే ఉంటుంది. నువ్వు ఫోను తెచ్చి దాని మీద పెట్టడమే, ఇంకేం ముట్టుకోనక్కర్లేదు."

"ప్లేట్లోంచి ఫోన్లోకి గాల్లోనే వెళ్ళిపోద్దా?"

"వెళ్ళిపోద్దమ్మా."

"కనపడకుండానా?"

ప్రీతి నావైపు చూసింది. నేను షాపతనివైపు చూశాను. అతను ఓపికున్నవాడు. మొదట పళ్ళెం లాంటిది చూపించాడు. ఫోను సరిగ్గా మధ్యలో పడాలి, పక్కకి జరిగితే ఛార్జింగెక్కదని చెప్పాడు. దాంతో కృపమ్మక్క దాన్ని వద్దనేసింది. ఫోను పక్కకి జరిగిన సంగతి తెలియక, అది చచ్చిపోయి ఉన్న పూటే తను పడిపోతే? తర్వాత నిలబెట్టే రకం చూపించాడు. ఫోను మోగితే అదిరి కిందపడుతుందేమోనని అదీ వద్దంది. అప్పుడతను మూడోది తీశాడు. దానికి తగిన పౌచి వేరే ఉంది, వెనక గుండ్రటి రింగుతో. ఫోనుకి పౌచి తొడిగి ఛార్జరు దగ్గరికి తేగానే టక్కున అతుక్కుంది. అతను దాన్ని తలకిందులు చేసి ఊపాడు. ఫోను రాలేదు.

"జారదండి, పడదండి. కళ్ళు మూసుకుని పెట్టినా దాని చోటులోకి అదే వెళ్ళి కూర్చుంటది."

కృపమ్మక్క మొహంలో భయం తగ్గడం చాన్నాళ్ళకి అప్పుడే చూశాను. కౌంటరు దగ్గరికొచ్చింది. ప్రీతి అవతల పౌచీల రంగులు చూస్తుంటే, ఆవిడ గొంతు తగ్గించి, "బాబుగారూ, ఇది గుండెకేమీ చెయ్యదు కదండీ?" అని అడిగింది.

"రేటు చెప్తే కాస్త గట్టిగా కొట్టుకుంటదండీ, అంతే" అన్నాడతను.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వి, పైట భుజం మీదికి ఇంకాస్త లాక్కుంది. నా రొమ్ములో యంత్రముంది నాయనా అని పరాయి మగవాడితో ఎలా చెబుతుంది? రోజూ దేన్ని చూసినా అడిగే ప్రశ్నే కదా అని నేనూ ఊరుకున్నాను. రెండూ అతుక్కునేవే కొన్నారు.

కొన్నాళ్ళు బాగానే ఉంది. ఒకటి ఇంట్లో బీరువా పక్క బల్ల మీద, ఇంకొకటి మా షెడ్డులో నా బల్ల చివర. ఫోను పెట్టడానికి స్కేలు అడగడం మానేసింది. టక్కుమని అతుక్కునే చప్పుడు వింటే ధైర్యంగా ఉంటుందనేది. ఆ ఫోను ఇనప ర్యాకుకి కూడా అతుక్కునేది. కుర్రాళ్ళు అతికించి చూసి వేడుక చేసేవాళ్ళు. అది అయస్కాంతమని మాకెవరికీ తెలియక కాదు. తెలిసీ ఎవరికీ ఏమీ తోచలేదు.

ఆ తర్వాత ఆవిడ మాట తగ్గిపోయింది. బరువులు పిలుస్తోంది గానీ గొంతు నా బల్ల దాకా రావడం లేదు, రెండోసారి అడగాల్సొస్తోంది. అన్నం డబ్బా తెరిచినట్టే తెరిచి మూసేస్తోంది. ఓ సోమవారం వాళ్ళ చర్చి సుందరమ్మగారు చేపలకొచ్చి, "ఏవమ్మా కృపమ్మా, రెండు ఆదివారాలుగా కనపడట్లేదు, ఒంట్లో బాగుండట్లేదా?" అని అడిగింది. కృపమ్మక్క ఏదో గొణిగి ట్రేల వెనక్కి వెళ్ళిపోయింది. నాకు ఆశ్చర్యమేసింది. తుపాను గాలిలో కూడా గొడుగు పట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి. ఈ ప్రపంచంలో ఆవిడకి భయం వెయ్యని చోటంటూ ఉంటే అదొక్కటే.

ఓ మధ్యాహ్నం లారీలు వెళ్ళిపోయాక, షెడ్డులో ఎవరూ లేకుండా చూసి నా బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో తువ్వాల్లో చుట్టిన మూట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, విప్పకుండా నిలబడింది.

"కుసుమా, మావాళ్ళకి చెప్పుకోలేను. నువ్వు మా చర్చిదానివి కాదు కాబట్టి నీకు చెప్తున్నాను" అంది.

తువ్వాలు విప్పితే బైబిలు. జిప్పుతో మూసే నల్ల కవరు, బయట చిన్న అర. వాళ్ళ ఆడవాళ్ళు చర్చికి వెళ్ళేటప్పుడు దాన్ని ఎడమ రొమ్ముకి హత్తుకుని నడుస్తారు. ప్రార్థన చేసినంతసేపూ అలాగే పట్టుకుని నిలబడతారు.

"దీన్ని పట్టుకుంటే నా గుండె తిరగబడుతోంది" అంది ఆవిడ.

మొదటి ఆదివారం ప్రార్థనలో ఉండగా మొదలైందట. ధబధబమని, ఒకే తీరుగా, ఆగకుండా. పక్కనున్న సుందరమ్మగారితో చెబితే, ప్రభువు ముట్టాడమ్మా, మంచిదే అందట. ఈవిడా సంతోషించింది. కూర్చుని బైబిలు ఒళ్ళో పెట్టుకోగానే ఆగిపోయింది. ఆ వారం ఓ ఇంట్లో ప్రార్థన కూటంలో మళ్ళీ. తర్వాతి ఆదివారం మళ్ళీ. ఇంట్లో మంచం మీద కూర్చుని చదువుకుంటే ఏమీ లేదు. షెడ్డులో లేదు, బస్సులో లేదు. దేవుడి వాక్యం రొమ్ముకి హత్తుకుని ఆయన ముందు నిలబడినప్పుడు మాత్రమే.

"నేను సాక్ష్యం చెప్పలేదు కుసుమా. అందుకే."

వాళ్ళలో ఓ ఆనవాయితీ ఉంది. పెద్ద గండం గడిచినవాళ్ళు చర్చిలో అందరి ముందూ నిలబడి, దేవుడు తమనెలా కాపాడాడో చెప్పాలి. ఆపరేషను బల్ల మీద ఈవిడ అలా మొక్కుకుంది. ఇంటికొచ్చాక పాస్టరుగారు ఎప్పుడు పిలిచినా వచ్చే వారమంటూ తప్పించుకుంది. సాక్ష్యం చెప్పాలంటే మైకు పట్టుకోవాలి. మైకులో కరెంటుంటుంది.

"తీగముక్కకి భయపడి ఆయనకిచ్చిన మాట తప్పాను. నన్ను తన ముందు నిలబడొద్దంటున్నాడు" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. ఏడుపు దాటిపోయిన భయం అది.

"అదేం మాటక్కా. ఊరికే కంగారు పడి ఉంటారు" అన్నాను.

"కంగారో కాదో నువ్వే చూడు. ఒక్కదాన్నే చూసుకోలేక నీ దగ్గరికి తెచ్చాను."

కళ్ళు మూసుకుని బైబిలు రొమ్ముకి హత్తుకుంది. కుడి మణికట్టు నాకిచ్చింది. నేను వేళ్ళు పెట్టాను. మామూలుగా మెల్లగా కొట్టుకుంటున్న నాడి చూస్తూండగా మారిపోయింది. జోరుగా, ఒక్క దెబ్బ తప్పకుండా, ఎవరో లోపల కూర్చుని కొడుతున్నట్టు. భయపడ్డ గుండె అలా కొట్టుకోదు, హెచ్చుతగ్గులుంటాయి. ఇందులో అవేమీ లేవు. వెలుగు నిండిన షెడ్డులో పట్టపగలు కూర్చుని కూడా వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది.

"ఇలా ఇవ్వండక్కా" అని బైబిలు లాక్కున్నాను. ఆవిడ నాడి మళ్ళీ మెల్లబడింది. ధైర్యం చెప్పాలనో, ధైర్యం తెచ్చుకోవాలనో తెలియదు, దాన్ని నా గుండెకి హత్తుకున్నాను. ఏమీ కాలేదు.

"చూడండి, నాకేం కాలేదు" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. కృపమ్మక్క మొహం పాలిపోయింది.

"చూశావా. నీకేం కాలేదు. ఆయన్ని నమ్మనిదానివి, నిన్ను రానిచ్చాడు. నన్నే వద్దంటున్నాడు."

బల్ల అంచు పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడింది. ట్రేల మధ్య పడిన రోజే గుర్తొచ్చి నా ప్రాణం పోయినంత పనైంది. ఆవిణ్ణి పట్టుకోవడానికి బైబిలు బల్ల మీద పెట్టబోయాను. మెడలో తాడు లాగినట్టయింది.

కిందికి చూసుకున్నాను. నా పుస్తెలతాడుకి పిన్నీసుల గుత్తి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఆ గుత్తి బైబిలు కవరుకి అతుక్కుని ఉంది. లాగితే వచ్చింది, వదిలితే మళ్ళీ వెళ్ళి అతుక్కుంది. అది చూసి కృపమ్మక్క చేత్తో నోరు మూసుకుంది. అంతలో ఆ అతుక్కునే చప్పుడు ఎక్కడో విన్నాననిపించింది. రోజూ నా బల్ల మీదే వింటున్నాను.

"అక్కా, ఇందులో ఏం పెట్టారు?"

"ఏముంది, ఫోను. చర్చికెళితే దాన్లోనే పెట్టుకుంటాను, ఇవాళా అలాగే తెచ్చాను. జాకెట్లో పెట్టుకోవద్దన్నారుగా."

బయట అర జిప్పు తీశాను. పౌచి రింగుకి నా పిన్నీసులు అతుక్కున్నాయి. ఫోను తీసుకెళ్ళి షెడ్డు అవతలి చివర ఇనప ర్యాకుకి తగిలించి వచ్చాను. వచ్చి బైబిలు ఆవిడ చేతికిచ్చాను. తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది. అంతగా ప్రేమించిన పుస్తకాన్ని చూసి అంతగా బెదిరిపోవడం చూడలేక నాకే ఏడుపొచ్చింది. చివరికి నేనే ఆవిడ పక్కన కూర్చుని, చిన్నపిల్ల చేత పట్టించినట్టు ఆవిడ రెండు చేతులూ దాని చుట్టూ వేయించి రొమ్ముకి ఆనించాను. మణికట్టు పట్టుకున్నాను.

మెల్లగా కొట్టుకుంటోంది. ఎంతసేపు కూర్చున్నా అలాగే కొట్టుకుంది.

ప్రీతికి ఫోను చేశాం. ప్రీతి విజయవాడ ఆసుపత్రికి చేసింది. వాళ్ళు చెప్పింది ఇదీ. అయస్కాంతం మరీ దగ్గరికొస్తే ఆ యంత్రం గుండె మాట వినడం మానేసి, తన లెక్కలో తాను కొట్టిస్తూ పోతుంది. దూరంగా జరిపితే మళ్ళీ మామూలే. అలా పదేపదే జరగనివ్వకూడదు, వెంటనే వచ్చి చూపించుకోండి. మర్నాడే వెళ్ళి చూపించుకున్నారు, అంతా సరిగ్గానే ఉందన్నారు. ప్రీతి ఆ పౌచి తీసి పారేసి, రెండు ఛార్జర్లూ మార్చి మొదట వద్దన్న పళ్ళెం రకమే తెచ్చింది. ఫోను మధ్యలోనే పడేలా దాని చుట్టూ గోళ్ళరంగుతో గీత గీసిచ్చింది. దాన్ని మంచానికి బారెడు దూరంలో పెట్టుకుంది కృపమ్మక్క. బైబిలు కవరు అరలో ఇప్పుడు కళ్ళజోడు తప్ప ఏమీ ఉండదు.

వచ్చిన ఆదివారం నన్ను చర్చికి రమ్మంది. వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద సుందరమ్మగారి పక్కన కూర్చున్నాను. పాస్టరుగారు పేరు పిలిచారు. కృపమ్మక్క లేచింది. ముందుకెళ్ళి నిలబడి, పాస్టరుగారు అందించబోయిన మైకుని చూసి ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ తప్పించుకుంటుందనుకున్నాను.

"అయ్యగారండీ, దాంట్లో కూడా అయస్కాంతం ఉంటదంట, డాక్టరుగారు చెప్పారు. దూరంగా పెట్టండి. నాకు మైకెందుకండీ" అంది.

బైబిలు రెండు చేతులా రొమ్ముకి హత్తుకుంది. కళ్ళు మూసుకుంది. గుండె ఎలా కొట్టుకుంటుందోనని చూసుకుంది. అప్పుడు కాటా దగ్గరి గొంతుతో మాట్లాడింది. చర్చి గుమ్మం బయట చెప్పుల దగ్గర ఆడుకుంటున్న పిల్లలు కూడా ఆగి లోపలికి తొంగి చూశారు.

ట్రేల మధ్య పడిన రోజు గురించి చెబుతుందనుకున్నాను, ఆపరేషను గురించి చెబుతుందనుకున్నాను. అవేమీ చెప్పలేదు.

"నేను అన్నిటికీ భయపడే మనిషినండీ. మీ అందరికీ తెలుసు. ఇప్పుడూ భయంగానే ఉంది. కానీ ఈ నెల్లాళ్ళూ పడ్డ భయం ముందు అవేమీ భయాలు కావండీ. ఆయన నన్ను వద్దన్నాడనుకున్నాను" అని ఆగి, గుండె మీది బైబిలుని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "వద్దనలేదండీ."